దొంగనొప్పి

మొన్న ఆదివారం మా అండమాన్ జంగ్లీఘాట్‌లో కీళ్ళనొప్పులకు ఉచిత వైద్యశిబిరం పెట్టారని, నేను వద్దు మొర్రో అంటున్నా వినకుండా మా మనవరాలు ఇంటి దగ్గర హాడోలో నన్ను ఆటో ఎక్కించి తీసుకుపోయింది. పేరుకు ఉచితమే గానీ గుమ్మం దగ్గరే ఒక బల్ల వేసి మోకాలి పట్టీలూ, నూనె సీసాలూ, అయస్కాంతం చెప్పులూ అమ్ముతున్నారు. లోపల తెల్లకోటు వేసుకున్న ఒక పిల్ల, నా మొహం వంక చూడకుండానే, చేతిలో ఫోను మీద వేలు ఆడిస్తూ, ఆంటీ, మీ నొప్పికి పదికి ఎన్ని మార్కులు వేస్తారని హిందీలో అడిగింది. నొప్పికి మార్కులట! చిన్నప్పుడు లెక్కల్లో నాకే ఎవరూ సరిగ్గా వేసి చావలేదు, ఇప్పుడు నా మోకాలికి నేను వేయాలట. ఏడు వెయ్యమ్మా, పాసైపోతుంది అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. ఏడు నొక్కి తర్వాతి వాళ్ళను పిలిచింది.

నా ఈడు వాళ్ళకు ఈ చిరాకు గురించి వేరే చెప్పక్కర్లేదు. ఉద్యోగమంతా నర్సుగా చేసి రిటైరయిన దాన్ని, కీళ్ళ జబ్బుల పాఠాలు ఆ పిల్ల తల్లి పుట్టకముందే చదువుకున్న దాన్ని, అయినా ఆ ప్లాస్టిక్ కుర్చీలో నోరు మూసుకుని కూర్చున్నాను. నిజం చెప్పాలంటే ఆ పిల్ల మీద రావలసినంత కోపం రాలేదు, ఎందుకంటే ఎలా అడిగితేనేం, కనీసం అడిగింది. మాకు ఆ రోజుల్లో చదువు చెప్పిన మహానుభావుడు అడిగేవాడు కాడు, అడిగినా వినేవాడు కాడు, పొరపాటున ఒక మాట చెవిన పడితే దానికి తనకు తోచిన అర్థం చెప్పుకుని తనే తల ఊపుకునేవాడు. ఆయన పోయి చాలాకాలమైంది. పోయినవాళ్ళను అనకూడదంటారు గానీ, నేను ఆయన బతికుండగానే మొహం మీద అన్నదాన్ని కాబట్టి ఇప్పుడు కొత్తగా చేస్తున్న పాపమేమీ లేదు.

మా తాతలది ఉత్తరాంధ్ర తీరం. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, అండమాన్‌కు చేపలు పట్టేవాళ్ళు కావాలి, ఇంటికి జాగా ఇస్తాం, పడవకు కలప ఇస్తాం అని సర్కారువాళ్ళు చెబితే, వలలు చుట్టుకుని పిల్లల్ని చంకనేసుకుని ఓడెక్కిన కుటుంబాల్లో మాదొకటి. నేను పుట్టింది ఇక్కడే. ఇంట్లో మా తెలుగు, వీధిలోకి దిగితే హిందీ, రెండూ కలిపి కొట్లాట. మా వాళ్ళ ఆడపిల్లల్లో పదో తరగతి గట్టెక్కింది నేనొక్కదాన్నే కావడంతో, దీన్ని ఏం చేయాలో తెలియక ఒక ఆసుపత్రిలో నర్సు చదువులో చేర్చారు. ఆ ఆసుపత్రి పేరు చెప్పను, ఇప్పుడా భవనమూ లేదు, ఆ చదువూ లేదు. రేకుల కప్పు కింద మా క్లాసు. వాన పట్టుకుంటే పాఠం ఒక్క ముక్క వినబడేది కాదు, మాకు దక్కిన సుఖం అదొక్కటే.

జబ్బుల పాఠాలు చెప్పే డాక్టరు గారు మెయిన్‌లాండ్ నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి, కృష్ణా జిల్లా వైపు వాడు. ఆసుపత్రి మొత్తంలో తెలుగు వచ్చిన డాక్టరు ఆయనే. ఆ కబురు తెలిసి మా జంగ్లీఘాట్ ఎంత సంబరపడిందనుకున్నారు! మన డాక్టరు, మన మాట తెలిసిన డాక్టరు అంటూ తలనొప్పి లేనివాళ్ళు కూడా ఒకసారి చూసొద్దామని బయల్దేరారు. మిగతా డాక్టర్లకూ ప్రాణం హాయిగా ఉంది, గుమ్మంలో తెలుగువాళ్ళు కనబడితే చాలు, చీటీ మీద చూపు కూడా వేయకుండా ఆయన గదికి తోలేసేవాళ్ళు. ఆయనకు మాత్రం మేం మన వాళ్ళం కాదు. మా మాట వింటే ఆయన మూతి ఓ పక్కకు పోయేది, ఇది తెలుగా, హిందీయా, చేపల బజారా అని మా ముందే అనేవాడు. మా వాళ్ళు దగ్గరికి వస్తే కుర్చీ వెనక్కి జరుపుకునేవాడు. ఒకరోజు అలా జరుపుకుంటూ జరుపుకుంటూ గోడకు తగిలాడు, ఇక చోటు లేక రోగిని వెనక్కి జరగమన్నాడు. ఇలాంటి పుణ్యాత్ముడి చేతుల్లో మా చదువు.

చదువంటే ఆయన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం చదవడం, మేం తల వంచుకుని రాసుకోవడం. రుమాటిక్ జబ్బుల పాఠం మాత్రం నాకు ఆయన పుణ్యాన కాకపోయినా నచ్చింది. మా ఇళ్ళలో కీళ్ళనొప్పులన్నీ వాతమే, చలిగాలి తగిలినా వాతమే, వంకాయ తిన్నా వాతమే. అలాంటిది, ముసలివాళ్ళ మోకాళ్ళు అరగడం వేరు, వేళ్ళు వంకర్లు పోయే జబ్బు వేరు, పిల్లలకు గొంతు నొప్పి వచ్చి తగ్గాక జ్వరంతో వచ్చే కీళ్ళనొప్పి వేరు అని తెలుసుకుంటుంటే, చీకటి గదిలో ఒక్కో సామానూ విడిగా కనబడుతున్నట్టు అనిపించింది. ఆ చివరిదే రుమాటిక్ ఫీవర్. ఆ నొప్పి ఒక కీలులో నిలవదు. మోకాలు వాచి తగ్గుతుంటే చీలమండ వాస్తుంది, అది తగ్గుతుంటే మోచెయ్యి అందుకుంటుంది. కీళ్ళు చివరికి ఏమీ జరగనట్టు బాగుపడతాయి గానీ గుండె కవాటాలు చెడిపోతాయి. అందుకే ముందే కనిపెట్టి, పిల్లను మంచం దిగనివ్వకుండా చూసుకుని, మళ్ళీ మళ్ళీ రాకుండా నెలనెలా పెన్సిలిన్ సూది వేయాలి. ఇదంతా నేనిప్పుడు తెలుగులో చెబుతున్నాను గానీ ఆయన చెప్పింది ఇంగ్లీషులో. ఇలా కీలు మారే నొప్పికి పుస్తకంలో పేరు మైగ్రేటరీ పాలీఆర్థ్రైటిస్, ఆ మాట పలకడం రాలేదని ఒక పిల్లను నిలబెట్టి, వచ్చేదాకా పలికించాడు. ఆయనకు ఆ మాట అంటే అంత ముద్దు.

ఆ పాఠం జరిగిన వారంలోనే మా పిన్ని తన కూతుర్ని ఆసుపత్రికి తీసుకొచ్చింది. మా అమ్మకు సొంత చెల్లెలు ఈ పిన్ని, రెండిళ్ళూ గోడకు గోడ, ఆ పిల్ల నా వెనకాలే పెరిగింది. అప్పుడు ఆరో తరగతి. ఒక్కచోట కుదురుగా ఉంటే ఒట్టు, ఒడ్డున కట్టేసిన పడవల మీద ఒకదాని నుంచి ఇంకోదాని మీదకు దూకుతూ చివరిదాకా పోయి వచ్చేది. నేను చెప్పిన కబుర్లు విని, డాక్టరు గారిని కళ్ళతో చూడకుండానే అచ్చం ఆయనలా కుర్చీ వెనక్కి జరుపుతూ మూతి పక్కకు పెట్టి చూపించేది, ఇల్లంతా పడి పడి నవ్వేవాళ్ళం. అలాంటి పిల్ల, గొంతు నొప్పి తగ్గిన కొన్నాళ్ళకు, మోకాలు పట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. నేను శిక్షణలో హాస్టల్లో ఉన్నాను, ఇంటి సంగతి నాకు తెలియదు. మధ్యాహ్నం ఓపీలో డాక్టరు గారి వెనక నోటుపుస్తకాలు పట్టుకుని నిలబడ్డ మా గుంపులో నుంచి చూస్తే, ఉతికిన చీర కట్టుకుని, కూతుర్ని నడుముకు ఆనించుకుని, పిన్ని లోపలికి వస్తోంది. నన్ను చూసి ఆమె మొహం విప్పారింది. మన డాక్టరు, పక్కన మన పిల్ల, ఇంకేం కావాలి!

ఏమైందని ఆయన అడగ్గానే చెప్పింది.

"దొంగనొప్పండి బాబూ. నిన్న మోకాల్లోన ఉండీది, ఈయేల మోచేతిలోన ఉంది. అట్టుకుందారంటే దొరకట్నేదు."

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. మా ఇళ్ళలో దొంగ అన్న మాటకు అబద్ధం అన్న అర్థం లేకపోలేదు, ఊరికే ఏడ్చే పిల్లను మేమూ దొంగ ఏడుపు ఏడవకే అనేవాళ్ళం. కానీ సముద్రం మీద బతికే మా మగవాళ్ళు నీళ్ళ అడుగున కనబడకుండా ఉండి పడవ చెక్కల్ని చీల్చేసే రాయిని దొంగరాయి అనేవాళ్ళు. ఆ రాయి అబద్ధం కాదు కదా! అలాగే దాక్కుని వచ్చేది, చోటు మార్చేది, పట్టుకోబోతే జారిపోయేది ఏదైనా దొంగే. పిన్ని చెప్పింది అదే. పుస్తకంలో రెండు పేజీల పొడుగున ఉన్న లక్షణాన్ని ఒక్క మాటలో చెప్పేసింది. ఇంకో భాష డాక్టరయితే ఆ మాట అర్థం కాక, ఎక్కడమ్మా, ఎప్పుడమ్మా అని వివరంగా అడిగి ఉండేవాడు. మా ఖర్మ కొద్దీ ఈయనకు తెలుగు వచ్చు.

ఆయన కలం కింద పెట్టాడు. "దొంగనొప్పని నువ్వే చెప్తున్నావు కదమ్మా! మరి ఇక్కడికెందుకు తీసుకొచ్చావు, పోలీసు స్టేషనుకు తీసుకెళ్ళక?" అని తన చమత్కారానికి తనే నవ్వుకున్నాడు. మా క్లాసు పిల్లలందరూ నవ్వారు, మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి మరి. తర్వాత పిల్లను పరీక్షలెప్పుడే అని అడిగాడు. అది బెదిరిపోయి, సోమ్‌వార్ సే, సోమవారం నుంచి అంది. అదీ సంగతి అంటూ మా వైపు తిరిగి, దీన్ని మాలింగరింగ్ అంటారు, లేని జబ్బు నటించడం, రాసుకోండి అన్నాడు. అందరూ రాసుకున్నారు. స్టెతస్కోపు ఆయన మెడలో హారంలా వేలాడుతూనే ఉంది, పిల్ల గుండె మీదకు రాలేదు.

నేను ముందుకు వెళ్ళి దాని మోచెయ్యి పట్టుకుని చూశాను. వాచి, కాలిపోతోంది. సార్, వాళ్ళ మాటలో దొంగ అంటే అబద్ధం కాదు సార్, మైగ్రేటరీ అని సార్ అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఓహో, నాకు తెలుగు నేర్పుతావా? అదీ అండమాన్ తెలుగు?" అన్నాడు. మళ్ళీ నవ్వులు. పిల్లకు రంగునీళ్ళ మిక్చరు రాసిచ్చి పంపేశాడు, నన్ను ఎనిమా డబ్బాలు కడగడానికి పంపాడు. పిన్ని గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగి నా వంక చూసిన చూపు, తానేం తప్పు మాట్లాడిందో తెలియని ఆ చూపు, తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

ఊరుకోలేదు నేను. సాయంత్రం మా ట్యూటర్ సిస్టర్ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. కేరళ నుంచి వచ్చిన మనిషి, టోపీకి గంజి పెట్టడం తెలిసినంత బాగా ఇంకేదీ తెలియదు. తుమ్ నర్స్ బన్‌నే ఆయీ హో యా డాక్టర్, నర్సువి కావడానికొచ్చావా డాక్టరువా, అని అడిగి, నా టోపీ వంకరగా ఉందని సరిచేసి పంపింది. పక్క గది డాక్టరు దగ్గర చూపించమని ఇంటికి కబురు చేస్తే, తెలుగువాళ్ళయితే ఆ గదికేనని గుమ్మంలోనే తిప్పి పంపించారు. ఇంట్లో మా బాబాయి సంగతి చెప్పనే అక్కర్లేదు. అంత చదువుకున్న డాక్టరు దొంగనొప్పి అన్నాక ఇంక అనుమానమేమిటి, బడి ఎగ్గొట్టడానికి వేషాలు వేసి నన్ను నలుగురిలో నవ్వులపాలు చేస్తావా అని ఆ కాలుతున్న పిల్లకు రెండు తగిలించి పరీక్షకు తోలాడు. కుంటుకుంటూ వెళ్ళి రాసొచ్చింది. పాసు కూడా అయింది, నా మొహం.

అసలు ఘోరం ఏమిటంటే, కొన్నాళ్ళకు నొప్పులు వాటంతటవే పోయాయి. ఆ జబ్బు తీరే అంత, కీళ్ళను వదిలేస్తుందని పాఠంలో ఆయన నోటితోనే విన్నాం. రంగునీళ్ళు పనిచేశాయని ఆయన, దెబ్బలు పనిచేశాయని మా బాబాయి, ఇద్దరూ ఎవరికి వాళ్ళు గొప్పగా చెప్పుకున్నారు. వార్డులో నేను ఎదురుపడితే, ఏమ్మా మైగ్రేటరీ, మీ చెల్లి నొప్పి ఎక్కడికి మైగ్రేటయింది అని అడిగేవాడు ఆ పెద్దమనిషి. చదువు అయ్యేదాకా నా పేరదే. అది గుండెలోకి పోయి ఉంటుంది సార్ అని ఒకసారి అన్నాను. ఆ మాటకు ప్రవర్తన బాగాలేదని నా రికార్డులో రాశారు.

మరుసటి వానల్లో మా చెల్లి ఒడ్డు నుంచి ఇంటికి ఎక్కే ఏటవాలు దారిలో సగంలో కూర్చుండిపోవడం మొదలుపెట్టింది. పడవల మీద దూకే పిల్ల, పెదాలు నీలంగా, ఆయాసపడుతూ. ఈసారి మేం తెలుగు గదికి పోలేదు. అప్పుడే కలకత్తా నుంచి కొత్తగా వచ్చిన ఒక లేడీ డాక్టరు ఉంది, తెలుగు ముక్క రాదు, రాకపోవడమే మా అదృష్టం అనుకున్నాను. ఆమె పిల్ల గుండె మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు తీయలేదు. తర్వాత పిల్లనే హిందీలో ఒక్కొక్కటీ అడిగింది. ముందు గొంతు, తర్వాత మోకాలు, తర్వాత చీలమండ, తర్వాత మోచెయ్యి అని అది బడిలో పాఠం అప్పజెప్పినట్టు చెప్పేసింది. నొప్పి చోటు మారిందన్న మాటను, ఇంత కాలానికి, మొదటిసారి ఒకరు నమ్మారు. అప్పటికే ఒక కవాటం పాడైపోయింది.

నేను నేరుగా మా మహానుభావుడి గదికి వెళ్ళాను. సార్, మీరు మాలింగరింగ్ అని రాసుకోమన్న పిల్లకు మైట్రల్ కవాటం పోయింది సార్, మీకు తెలుగూ రాదు, వైద్యమూ రాదు అన్నాను. ఉద్యోగం రాకుండా చేస్తాడేమోనన్న భయం కూడా ఆ క్షణంలో లేదు. ఆయన కలం తిప్పుతూ, "తల్లి సరిగ్గా చెప్పి ఉంటే ఇదంతా జరిగేది కాదు. చెప్పడం రానివాళ్ళకు నేనేం చేసేది?" అన్నాడు. ఆ మాట కుర్చీ వెనక్కి జరుపుకోకుండా అన్నాడు, అదొక్కటే తేడా.

ఆ తర్వాత నెలనెలా సూది నేనే వేశాను. చిక్కటి మందు, లావు సూది, పెద్దవాళ్ళే అరిచే నొప్పి. అది మాత్రం, అక్కా, ఇది నిజం నొప్పేనా, దొంగనొప్పా అని నన్ను ఏడిపించేది. నవ్వేదాన్ని, బయటికొచ్చి ఏడ్చేదాన్ని. ఆపరేషనుకు మద్రాసు తీసుకెళ్ళాలన్నారు. ఓడ ప్రయాణం తట్టుకోలేదనీ, కొంచెం కోలుకోనివ్వమనీ వాయిదా వేస్తూ పోయారు. కొన్నేళ్ళు నెట్టుకొచ్చి, ఓణీ వేసుకునే వయసులో, ఒక వానాకాలం పోయింది. నాకు అంత ఇష్టమైన మనిషి మళ్ళీ ఎవరూ పుట్టలేదు, పిల్లల్ని కన్నాక కూడా ఈ మాట అంటున్నాను. ఆ రోజు పిన్ని నా చెయ్యి పట్టుకుని ఒక్కటే మాట మళ్ళీ మళ్ళీ అడిగింది. "నాను ఆ మాట అనకపోతే బతికీది గదే? నానేటన్నానే?" నీ మాట సరైనదే పిన్నీ, నూటికి నూరుపాళ్ళు సరైనదే అని చెబితే, సరైనదయితే పిల్ల ఉండాలి కదా అన్నట్టు నన్ను చూసింది.

ఇంత జరిగినా ఆయన మీద నాకున్నది ఒట్టి కోపమే అయితే ఎప్పుడో చల్లారేది. నేను స్టాఫ్ నర్సునయ్యాక ఒకరోజు మందుల ట్రే పట్టుకుని ఆ రేకుల క్లాసు పక్కనుంచి పోతుంటే ఆయన గొంతు వినబడింది. కొత్త పిల్లలకు రుమాటిక్ ఫీవర్ చెబుతున్నాడు. ఇక్కడి బెస్త కుటుంబాల భాషలో దొంగనొప్పి అనే ఒక చక్కటి మాట ఉంది, దాని అర్థం మైగ్రేటరీ ఆర్థ్రైటిస్, నేను ఎంతో పరిశీలించి గ్రహించాను, ఆ మాట చెవిన పడితే వెంటనే గుండె విని చూడండి అంటున్నాడు. పరిశీలించాడట! ట్రే నేలకేసి కొడదామన్నంత మండింది. ఒక పిల్ల ప్రాణం పెట్టి నేర్చుకున్న మాటను, ఆ పిల్ల ఊసు గానీ, తల్లి ఊసు గానీ లేకుండా తన పాండిత్యంలో కలిపేసుకున్నాడు. బదిలీ మీద వెళ్ళేటప్పుడు శాలువా కప్పి సన్మానించినవాళ్ళు, స్థానిక ప్రజల భాషను ప్రేమించిన వైద్యుడు అని కూడా పొగిడారు. నేను వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టలేదు. ఇంకా కడుపు మండే సంగతేమిటంటే, ఆయన పాఠం పనిచేసింది. దొంగనొప్పి అన్న మాట వినగానే ఉలిక్కిపడి పిల్లల్ని డాక్టరు దగ్గరికి పరిగెత్తించిన నర్సుల్ని నేను చూశాను, అలా వేళకు సూది పడి పెరిగి పెద్దయి ఇవాళ వండూర్ జెట్టీలో టూరిస్టు బోట్లు నడుపుతున్న వాళ్ళూ తెలుసు. వాళ్ళు ఎదురుపడి నమస్కారం దీదీ అంటే సంతోషమే, ఆ సంతోషంలో ఆయన వాటా ఉందని గుర్తొస్తే మాత్రం నోరు చేదవుతుంది.

ఇప్పుడు ఆ జబ్బు ఇక్కడ అంతగా కనబడదు. గొంతు నొప్పి అనగానే మందు బిళ్ళలు దొరుకుతున్నాయి, గుండెను తెర మీద చూసే మిషన్లు వచ్చాయి, మద్రాసుకు విమానంలో పొద్దున పోతే మధ్యాహ్నానికి చేరుతున్నారు. మాటలే పోయాయి. మా వాడలో పిల్లలు తెలుగు వింటారు, హిందీలో జవాబిస్తారు. దొంగరాయి అంటే ఏమిటని మా మనవరాలు అడిగింది, చెబితే రాళ్ళు కూడా దొంగతనం చేస్తాయా అమ్మమ్మా అని నవ్వింది. పడవలకు మిషన్లు వచ్చాక మగవాళ్ళకూ ఆ మాటతో పని లేకపోయింది. అవి పోయాయని నాకు బెంగే, కాదనను, నా ఈడు వాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతుంటే ఆ మాటలు ఆడడానికి మనిషి దొరకడం లేదు.

మా పిన్ని చాలాకాలం బతికింది. ముసలితనంలో ఆమెకూ మోకాళ్ళు పట్టేస్తే నేనే తీసుకెళ్ళేదాన్ని. బజారులో బేరం కూడా తెలుగులోనే ఆడిన మనిషి, హిందీవాళ్ళు అర్థం కాక తల గోక్కున్నా లెక్కచేయని మనిషి, డాక్టరు ఎదుట కూర్చుంటే మాత్రం, ఆ డాక్టరు తెలుగువాడైనా సరే, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, దర్ద్ అని హిందీలో ఒక్క ముక్క అని ఊరుకునేది. ఇంట్లో కూడా అంతే, మాకెవరికైనా దెబ్బ తగిలితే దర్దా అని అడిగేది. నొప్పి అనే మాట మళ్ళీ ఆమె నోట నేను వినలేదు. మా ఇంట్లో పిల్లలందరూ ఇప్పుడు దర్ద్ అనే అంటారు, బడిలో నేర్చిన మాట, తేలిగ్గా నోటికి వస్తుంది. మా పిన్నికి ఆ హిందీ ముక్క రావడానికి ఒక కూతురు పోవలసి వచ్చింది.